మిథనాల్ మంట

మా కెమిస్ట్రీ సారు పోయారన్న కబురు నాకు బాయిలో, అంటే బొగ్గు గని లోపల, పంపు పక్కన కూర్చుని ఉండగా తెలిసింది. లోపలికి సెల్‌ఫోన్లు తేనివ్వరు. పైనుంచి గని ఫోనులో చెబితే, విని మా షిఫ్టు పనులు చూసే ఓవర్‌మెన్ అన్న నా దాకా నడిచి వచ్చాడు.

“తమ్మీ, మీ కాలేజీ సారు పొద్దుగాల్ల పోయిండట. పగటికల్లా గోదారి ఒడ్డుకు తీస్కపోతరట.”

“నేను పైకి పోత అన్నా. ఒక్కసారి మొఖం చూడాలె.”

“పంపు ఇడిచిపెట్టి ఎట్ల పోతవ్? నీళ్లు నిండుతయి. నీ జాగల ఎవలన్న దొరుకుతరేమో చూస్త.”

చూస్తానని పోయినవాడు ఎంతకూ రాలేదు. ఆ ఉక్కలో, ఆ రొదలో సారును తలుచుకోవడం తప్ప నా చేతిలో ఏముంది?

అప్పుడు గోదావరిఖనిలో నాది డిగ్రీ మొదటి ఏడాది. ఎండాకాలం. గాలికి మంట కదలకూడదని సారు ల్యాబు కిటికీలు మూయించి, ఫ్యాన్లు బంద్ చేయించారు. మమ్మల్ని ఉడకబెట్టి మరీ ఆల్కహాల్స్ మండించి నీళ్లు వేడిచేసే ప్రయోగం మొదలుపెట్టారు.

“మందుతోని నీళ్లు కాగబెడ్తరా సార్?” అన్నాడు వెనక బెంచీ నుంచి ఒకడు. అందరం పగలబడి నవ్వాం.

సారూ నవ్వారు. “ఏం మందురా? దవాఖానల ఇచ్చేది మందే, మీ నాయినలు బాయిల పేల్చేది మందే. పేరు పెట్టి అడుగుండ్రి.”

మిథనాల్, ఇథనాల్, ప్రొపనాల్, బ్యూటనాల్. ఒక్కోదానికి ఒక స్పిరిట్ దీపం. అన్నిటికీ అదే రేకు డబ్బా, అన్నే నీళ్లు. నీళ్లు ప్రతిసారీ అంతే వేడెక్కేదాకా వెలిగించి, దీపం ఎంత తేలికైందో తూచాలి. బ్యూటనాల్ డబ్బాకు మసి పూసింది గానీ, అన్నిటికంటే తక్కువ కాలి పని కానిచ్చింది. ఎక్కువ ఖర్చయింది మిథనాలే.

“దాంట్ల ఆక్సిజన్ పాలు ఎక్కువ. ముందే కొంత కాలినట్టు లెక్క. ఇచ్చెటందుకు దాని దగ్గర తక్కువనే మిగులుతది” అన్నారు సారు.

ఆ ఏడాదే మా నాన్న గనిలో పనికి అన్‌ఫిట్ అయ్యాడు. ఆయన ఉద్యోగం నాకు వచ్చింది. ఇల్లు గడవాలంటే వద్దనే వీలు లేదు. కాలేజీ మానేస్తున్నానని చెప్పడానికి వెళితే సారు నా భుజం మీద చెయ్యి వేసి గేటు దాకా నడిచి వచ్చారు.

అప్పటినుంచి సెలవు దొరికితే చాలు, ఆయన ఇంటికే పోయేవాణ్ణి. ఆయనకు షుగర్. తను తినలేని చక్కెరంతా నా చాయ్‌లో వేసి, నేను తాగుతుంటే చూసి సంతోషపడేవారు. ఒకరోజు ఉండబట్టలేక అనేశాను.

“నేను మిథనాల్‌నే సార్. ముందే కాలిన. ఇగ ఈ బాయిల ఇరుక్కున్న.”

సారుకు కోపం వచ్చింది. అంత కోపం కాలేజీలో కూడా చూడలేదు. “మొత్తం కాలినదానికి మంట రాదురా. నీకింకా లోపల మండుతున్నది కదా!” అని, కాసేపటికి మెత్తబడ్డారు. “నేను మాత్రం ఎటు పోయిన? అమ్మ మంచంల పడ్డదని పై చదువు సీటు ఇడిచిపెట్టిన. ఈడనే ఉన్న. మీరందరు దొరికిండ్రు.”

ఆ మాటతో నా ఇరుకేమీ తీరలేదు. ఇవాళ్టికీ తీరలేదు. కానీ లోపల మండటం తప్పు కాదని నాకు చెప్పింది ఆయనొక్కరే. అందుకు ఆయనకు రుణపడి ఉంటాను.

షిఫ్టు దిగే వేళకు గానీ నా జాగాలోకి మనిషి రాలేదు. స్నానం కూడా చేయకుండా బండి తీసి ఒడ్డుకు పోయాను. చితి అప్పటికే బాగా అంటుకుంది. సెగకు తాళలేక అందరూ వెనక్కి జరుగుతున్నారు. నేను ముందుకు పోయాను.

“అన్నా, ఎనుకకు రా, కాలుతది” అంది సారు కూతురు.

కాళ్లు రాలేదు. చెమటకు కరిగిన బొగ్గు కళ్లలోకి దిగుతోంది. మంట మీది గాలిలో నది, అవతలి గట్టు అన్నీ వణుకుతున్నాయి. ఆయన ముఖం ఎక్కడుండాలో అక్కడే చూస్తూ నిలబడ్డాను.