సెడార్ కంచెలో కంత

ఐర్లండ్‌లోని అత్లోన్‌లో నర్సుగా పనిచేసే సంతోషకుమారి ఏ పనీ సగం చేయదు. పుట్టింట్లో గోరింట కంచెను మోడుగా నరికినా వానలకు గుబురుగా చిగురించేది. ఆ ధీమాతోనే పెరటి సెడార్ చెట్ల కంచెను ఒకచోట ఆకులేని లోపలి కొమ్మల దాకా కత్తిరించేసింది. సెడార్‌కు అక్కడ మళ్లీ చిగురు రావడం కష్టం. మనిషి తల పట్టేంత కంత మిగిలింది.

అందులోంచి పక్కింటి ముసలావిడ మొరీన్ తొంగిచూసింది. తిడుతుందేమో అనుకుంటే, “గ్రాండ్! భలే అయింది, ఇన్నేళ్లకు నీ మొహం కనిపించింది” అంది.

అప్పటినుంచి ఆ కంతలోంచి అటు పులిహోర, ఇటు ఆపిల్ టార్ట్ వెళ్తూ వస్తూనే ఉన్నాయి.

ఈ వేసవిలో భర్త టైటస్, “ఆ కంతకి అడ్డంగా కొత్త మొక్క పెట్టనా?” అని అడిగాడు.

సంతోషకుమారి కత్తెర ఎత్తింది. “పెట్టి చూడు! దాన్నీ గోరింటలాగే నరికేస్తా.”