సరోజ ఆంటీ ముందు పప్పుని "ఏం లేదు" అన్నాను

నిన్న ఉదయం ఢిల్లీ మెట్రోలో ఉండగా మా పాత మెస్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. సరోజ ఆంటీ ఇక లేరని.

హార్ట్ ఎటాక్ అట.

ఆఫీసుకి ఆర్.కె. పురంలో దిగాలి. స్టేషన్ దాటిపోయింది. తర్వాతి స్టేషన్లో దిగి బెంచీ మీద కూర్చుండిపోయాను.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. కరోల్ బాగ్‌లో సివిల్స్ కోచింగ్‌కి వచ్చిన తెలుగు పిల్లలకి ఆంటీ తన ఇంట్లోనే వండి పెట్టేవారు. రెండో అంతస్తు, హాల్లో చాపలు. నేను రెండేళ్ళు అక్కడే తిన్నాను.

మా ఇంట్లో బడికెళ్ళిన మొదటిదాన్ని నేనే. అమ్మానాన్నలు మిరప చేలల్లో కూలికెళ్తారు. ఆదివారం ముక్క ఉడికితే అది కూర. మిగతా రోజుల్లో ఎవరైనా అడిగితే "ఏం లేదు, ఉత్త పప్పే" అనేవాళ్ళం. పప్పు ఎంత బాగా కుదిరినా తలొంచుకునే చెప్పేవాళ్ళం.

ఢిల్లీ వచ్చాక ఇంకో మాట విన్నాను. రూమ్ చూపించే ముందు ఓనర్ దీదీ "ప్యూర్ వెజ్ హో నా?" అంది. ఔనని అబద్ధం చెప్పాను. ఆవిడ ప్యూర్ అయితే మా అమ్మ ఏంటని చాలా రోజులు బాధపడ్డాను.

అదే పప్పన్నం. ఊళ్ళో లేమి, ఇక్కడ గొప్ప.

నాకది ఇష్టమో కాదో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆంటీ పొద్దున్నే గ్రూపులో మెనూ పెట్టేవారు. బీరకాయ నువ్వులపొడి, కోడికూర, మామిడికాయ పప్పు, చారు. అన్నీ ఒకే వరసలో. కోడి లేని రోజు "లేదు" అని రాసేవారు కాదు. ఉన్నవే రాసేవారు.

ఆవిడ మాంసం తినరు. ఒకమ్మాయి "మీరు ప్యూర్ వెజ్జా ఆంటీ?" అని అడిగితే, "నేను తిననమ్మా, అంతే. ప్యూర్ అంటావా, తోటకూరైనా కోడైనా నాలుగుసార్లు కడిగే వండుతా" అన్నారు.

ప్రిలిమ్స్ ముందు ఒక మధ్యాహ్నం తింటుంటే అమ్మ ఫోన్ చేసింది. చేయి ఎంగిలని స్పీకర్లో పెట్టాను. నేను చిక్కిపోయానని అప్పటికే బెంగ.

"ఏం కూరే?"

"ఏం లేదమ్మా, ఉత్త పప్పే."

అమ్మ ఏడ్చింది. "తిండి లేని చోట ఏం చదువే? మీ నాన్నని పంపిస్తా, వచ్చెయ్."

మా అమ్మ అన్నదంటే చేస్తుంది.

ఆంటీ గరిటెతో ఎదురుగానే ఉన్నారు. "ఫోన్ ఇలా ఇవ్వు" అన్నారు.

"వదినా, నేను సరోజని, మీ పిల్లకి అన్నం పెట్టేదాన్ని. దాని కంచంలో ఏముందో చెప్తా వినండి. దోసకాయ పప్పు, ఇంగువ పోపు పెట్టా. కాకరకాయ ఎర్రగా వేయించి ఉల్లికారం పట్టించా. గడ్డపెరుగు. రెండోసారి వడ్డించుకుంది."

అమ్మ ముక్కు చీదుకుంది. తర్వాత "ఉల్లికారం ఎట్టా జేస్తారు వదినా?" అంది. పావుగంట మాట్లాడుకున్నారు. నాన్నని పంపే మాట మళ్ళీ రాలేదు.

ఫోన్ నా చేతికిచ్చి ఆంటీ అన్నారు. "తెల్లారకముందే లేచి వండా. నువ్వు ఏం లేదంటే నేనెక్కడికి పోవాలే?"

కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

మాట మారిస్తే ఆకలి తీరదు, నాకు తెలుసు. మా ఇంట్లో నిజంగానే ఏమీ లేని రోజులున్నాయి. కానీ ఉన్న రోజు కూడా లేదనేశాం. పొయ్యి ముందు పొగలో కూర్చున్న అమ్మ కష్టాన్ని కూడా అందులోనే కలిపేశాం.

కోడికూర నాకిప్పటికీ ఇష్టమే. పప్పు కూడా ఇష్టమని చెప్పడం ఆంటీ దగ్గర నేర్చుకున్నాను.

సివిల్స్ రాలేదు. ఇంకో పరీక్ష పాసై ఇక్కడే ఉద్యోగంలో చేరాను. నిన్న అమ్మకి చెప్తే ఒక్క మాట అంది. "ఆవిడుందనే గదే నిన్నక్కడ ఉంచింది."

ఆంటీ, ఆ రోజు మీకు సారీ చెప్పలేదు. గబగబా తినేసి చేయి కడుక్కున్నాను. ఇవాళ చెప్తున్నాను.

వెళ్ళిరండి ఆంటీ. ఇకనైనా పొయ్యి దగ్గర్నుంచి లేచి కాసేపు కూర్చోండి. మీ ప్రాణం హాయిగా ఉండాలి.