అమ్మ చెప్పిన వాన

పోయిన వానాకాలం సంగతి. కుండపోత వానలు పెరుగుతున్నాయా అన్న పరిశోధన కోసం, పాత వరదల ఎత్తు కొలవడానికి తాండూరు దగ్గర కాగ్నా వాగులోకి దిగాను. వాగు ఎండిపోయి ఉంది. గొర్లను ఒడ్డున వదిలి వచ్చిన మల్లయ్య తాత వంతెన దిమ్మె మీద వరద మరక చూపిస్తే, నేను టేపు పట్టాను.

అంతలో వికారాబాద్ నుంచి అమ్మ ఫోన్. "ఈడ పొద్దుగాల్నుంచి ఒకటే వాన బిడ్డా. గొడుగు తీస్కపోయినవా?"

"ఈడ ఎండ కొడుతుందమ్మా, ఫికర్ చెయ్యకు" అని పెట్టేశాను.

టేపు చుడుతుంటే తట్టింది. ఈ వాగు పుట్టేది అమ్మ ఉన్న వైపు గుట్టల్లోనే.

"తాతా, ఒడ్డెక్కుదాం. పైన వాన పడ్డదంట."

"మబ్బే లేదు గదా బిడ్డా, జర ఆగు" అన్నాడు తాత.

ఎగువన లారీల వరుస వస్తున్నట్టు మోత వినిపించింది. ఆయన చెయ్యి పట్టుకుని లాక్కుంటూ ఒడ్డెక్కాను. తిరిగి చూస్తే, మేం నిలబడ్డ చోట బురదనీళ్లు సుడి తిరుగుతున్నాయి. కాసేపటికి మేం కొలిచిన మరక కూడా మునిగిపోయింది.

ఇప్పుడు వాగులోకి దిగే ముందు అమ్మకు ఫోన్ చేసి, అక్కడ వాన ఉందా అని అడుగుతాను. నేను తడుస్తానని భయపడుతున్నానేమో అనుకుని, "గొడుగు కొనుక్కోరాదే" అని నవ్వుతుంది. ఆ రోజు సంగతి ఆమెకు ఈ పేజీ చదివాకే తెలుస్తుంది.