సింగపూర్ పోకుండానే

మొయినాబాద్‌లో మాది విత్తనాలు, ఎరువుల దుకాణం. 2003లో ఒక పురుగుమందుల కంపెనీ డీలర్లకు పెట్టిన టార్గెట్‌ను మా ఆయన దాటాడు. దానికి బహుమతి ఇద్దరికి సింగపూర్ ప్రయాణం, అందులో మూడు రాత్రులు సముద్రం మీద, ఓడలో. కంపెనీ మనిషి ఇచ్చిన రంగుల కాగితాన్ని మా ఆయన మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు నా చేతిలో పెట్టాడు. పది అంతస్తుల తెల్లటి ఓడ. పైన ఈతకొలను. నీళ్ల మీద పోయే దానిలో మళ్లీ నీళ్లెందుకో నాకు అర్థం కాలేదు గానీ, ఆ కాగితాన్ని ఆ రోజు ఎన్నిసార్లు చూశానో.

పెళ్లయి పన్నెండేళ్లయినా మేమిద్దరమే ఎక్కడికీ పోలేదు. తిరుపతి పోయినా అత్తమ్మ, ఆడబిడ్డలు, వాళ్ల పిల్లలు, జీపు నిండా జనం. అందుకే ఈ ప్రయాణం మాట వినగానే నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. పాస్‌పోర్టు కోసం సికింద్రాబాద్‌లో రెండుసార్లు లైనులో నిలబడ్డాను. పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి పేరు, రేషన్ కార్డులో అత్తింటి పేరు. అది సరిచేయించుకోవడానికే నెల పట్టింది. ఆ నెలంతా కనిపించిన ప్రతి మనిషికీ చెప్పాను. విత్తనాలకు వచ్చిన ఎంకపల్లి రైతులకు చెప్పాను, గాజులమ్మకు చెప్పాను, బస్సులో పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియనామెకూ చెప్పాను.

ఆ సంబరంలో ఉండగానే చేవెళ్ల నుంచి పెద్దమ్మ వచ్చింది. ఆమె బిడ్డ పెళ్లి కుదిరింది. ఆ పిల్ల నాకంటే పదకొండేళ్లు చిన్న, చిన్నప్పుడు రోజూ నేనే జడ వేసి బడికి పంపేదాన్ని. కంప్యూటర్ కోర్సు చదివి మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తోంది. పిల్లవాడూ సాఫ్ట్‌వేరే. లగ్గం ఎప్పుడని అడిగితే, సరిగ్గా మేము ఓడలో ఉండే రోజుల మధ్యన పడింది.

"వారం జరుపరాదా పెద్దమ్మా?" అన్నాను.

"పిల్లగానికి ఆఫీసుల లీవు దొరుకుడే కష్టమాయె. నీ ఓడ కోసం లగ్గం జరపాల్నా?"

"అట్లయితే నేను రాను."

నిజంగా ఆ మాటే అన్నాను. పెద్దమ్మ చాయ్ సగం గ్లాసులోనే వదిలేసి లేచింది. సాయంత్రం పెద్దమ్మ బిడ్డే ఫోన్ చేసి, "నువ్వు లేకుంటే ఎట్లక్కా?" అంది. "గిసొంటి చాన్సు మళ్ల వస్తదా చెల్లె?" అన్నాను. "సరే అక్కా" అని పెట్టేసింది.

తరవాత పది రోజులకు టీవీలో దగ్గుతో, జ్వరంతో ప్రాణాలు తీసే కొత్త అంటుజబ్బు మాట మొదలైంది. మూతికి గుడ్డలు కట్టుకున్న జనం, దవాఖానల ముందు బండ్లు. మొదట మాకు సంబంధం లేని సంగతిలాగే చూశాం. కంపెనీ మనిషి కూడా, "అది చైనాల వదినా, సింగపూర్‌ల కాదు" అన్నాడు. వారం తిరిగేసరికి టీవీలో సింగపూర్ కూడా వచ్చింది. అప్పుడు, "ఓడల ఏమైతది వదినా? సముద్రం మీద గాలి సాఫుంటది, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. ఆ పై వారం, ప్రయాణం నాటికి జ్వరం ఉండదని డాక్టరు చీటీ కావాలన్నాడు. ఇద్దరం దవాఖానకు పోతే డాక్టరు నవ్వాడు. "నెల తర్వాత జ్వరం ఉండదని ఈరోజు ఎట్ల రాసియ్యాలమ్మా?"

ఇంట్లో అత్తమ్మ రోజుకొకసారి అదే మాట. "మీ ఇద్దరికీ ఏమన్న అయితే పిల్లల్ని ఎవరు చూస్తరు?" ఆ మాట నిజమే. నిజం కాబట్టే ఆమె మీద కోపం. పిల్లలకు సెలవులు వచ్చాయి, మా అమ్మ దగ్గరికి పంపాలా వద్దా తెలియదు. ప్రయాణానికని కొన్న కొత్త చెప్పులు తొడగాలా దాచాలా తెలియదు. చేవెళ్ల లగ్గానికి వస్తానని చెప్పాలా, రానన్న మాట మీదే ఉండాలా, అదీ తెలియదు.

"ఒక్క మాట చెప్పుండ్రి. పోతున్నమా, లేదా?" అని మా ఆయనను అడిగాను.

"నాకెట్ల తెలుస్తది? వాడు ఫోనే ఎత్తుతలేడు."

"మీరు పోయి అడుగరాదా?"

"ఎవర్ని అడగాలె? ఆ జబ్బునా?"

బయలుదేరడానికి నాలుగు రోజుల ముందు కంపెనీ మనిషి వచ్చాడు. దుకాణంలోకి రాకుండా మెట్ల కిందే నిలబడ్డాడు. అది చూడగానే నాకు అర్థమైంది. ఎప్పుడూ లోపలి గదిలోంచి మాట్లాడే నేను ఆ పూట గల్లా దాటి బయటికి వచ్చాను.

"ఓడనే లేదు వదినా. జనం ఎక్కుతలేరని ఓడను సింగపూర్ నుంచే తీసేసిండ్రంట."

"నెల కింద చెప్తే నీ నోరు పోతుండెనా?"

"మాక్కూడ నిన్ననే చెప్పిండ్రు వదినా. వచ్చే ఏడు పక్కా."

అతని మొహం చూస్తే అబద్ధం ఆడుతున్నట్టు లేదు. అది ఇంకా ఒళ్లు మండించింది. తిట్టడానికి ఒక మనిషి కూడా మిగల్లేదు. అక్కడ ప్రాణాలు పోతుంటే ఓడ పోయిందని ఏడుస్తున్నానని సిగ్గు ఒకవైపు, ఇక ఎవరూ నన్ను పోవద్దనే పని లేదన్న నిమ్మళం ఒకవైపు. రెంటి కింద కోపం మాత్రం అట్లాగే ఉంది.

లగ్గానికి వస్తున్నామని ముందుగా ఫోన్ చేయడానికి నాకు మొహం చెల్లలేదు. ఆ రోజు పొద్దున పట్టుచీర కట్టుకొని, ఇద్దరం పిల్లలతో చేవెళ్ల ఫంక్షన్ హాలుకు పోయాం. గడపలోనే పెద్దమ్మ కనిపించింది. "ఓడ రాలేదు గాబట్టి వచ్చినవ్" అని లోపలికి పోయింది. దానికి నేను సిద్ధపడే వచ్చాను. సిద్ధపడనిది ఆ తరవాత జరిగింది.

వంటల వైపు నుంచి పోపు ఘాటు వచ్చి నాకు దగ్గు తెర పట్టుకుంది. పక్క కుర్చీలో పిల్లవాని మేనత్త. మా దూరపు చుట్టం ఒకామె వెనక నుంచి, "సింగపూర్ నుంచి ఎప్పుడొచ్చినవే?" అని గట్టిగా అడిగింది. మేనత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని లేచిపోయింది. చూస్తుండగానే నా వరుసలో కుర్చీలన్నీ ఖాళీ.

"నేను పోనే లేదు" అన్నాను.

"రెండు నెలల నుంచి పోతున్న పోతున్న అంటివి గదా" అంది ఆ చుట్టం, ఇంకా నాలుగడుగులు వెనక్కి జరిగి.

పెద్దమ్మ దగ్గరికి పోయి చెయ్యి పట్టుకున్నాను. "నువ్వన్న చెప్పు పెద్దమ్మా, నేను పోలేదని."

"నేనేం చెప్పాలె? ఊరంత చాటింది నువ్వే గదా" అని చెయ్యి విడిపించుకుంది.

తలంబ్రాలయ్యాక అక్షింతలు వేయడానికి లేస్తే పిల్లవాని తండ్రి ఎదురొచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. "ఏమనుకోకమ్మా. పిల్లగాడు పదిహేను రోజులల్ల ఆఫీసు పని మీద బయటి దేశం పోవాలె. జర జ్వరమొచ్చినా విమానం ఎక్కనియ్యరు. నువ్వు ఈడ కింద నుంచే ఆశీర్వాదం చెయ్యి." చేతిలో అక్షింతలు చెమటకు ముద్దయ్యాయి. మండపం పైనుంచి చెల్లె నన్ను చూసింది. ఎందుకు ఆగిపోయానో ఆమెకు తెలియదు. రానన్న అక్క వచ్చి కూడా దూరం నిలబడిందనే అనుకొని ఉంటుంది.

బంతిలో నాకూ పిల్లలకూ అటు రెండు ఆకులు, ఇటు రెండు ఆకులు ఖాళీ. నా ఇద్దరు పిల్లలు తప్ప నా పక్కన ఎవరూ కూర్చోలేదు. అది చూశాక మా ఆయనకు రోషం వచ్చింది. మగవాళ్ల బంతిలోంచి లేచి, పిల్లవాని తండ్రిని పక్కకు తీసుకుపోయి, "ఓడే లేకపాయె, జబ్బు యాడికెళ్లి వస్తది సార్? నేను రోజు దుకాణంల కూసున్న. మొయినాబాద్‌ల ఎవర్నన్న అడుగుండ్రి" అని గట్టిగానే చెప్పాడు. ఆయన నమ్మాడు, తప్పయిందన్నాడు, తానే నన్ను పైకి తీసుకుపోయాడు. కానీ అప్పటికి హాలు సగం ఖాళీ. ఫొటోలవాళ్లు వైర్లు చుట్టుకుంటున్నారు. చెల్లె తల మీద అక్షింతలు వేసి వంగితే, "ఓడ వచ్చుంటే నువ్వు రాకపోదువు గదా అక్కా?" అంది మెల్లగా. రాకపోదును. అబద్ధం చెప్పలేక, జారిన ఆమె జడ పూలు సరిచేశాను.

వచ్చే ఏడు పక్కా అన్న ప్రయాణం రాలేదు. మా పక్కన హిమాయత్‌నగర్ ఊరి దాకా పొలాల్లో తెల్ల రాళ్లు పాతి ప్లాట్లు వేశారు. పురుగుమందు కొనే రైతులే ప్లాట్లు చూపించే పనిలో పడ్డారు. టార్గెట్ సగానికి కూడా మేం చేరలేదు. కంపెనీ మనిషిని వేరే జిల్లాకు మార్చారని విన్నాం.

మూడేళ్లకు చెల్లెకు నెలలు నిండాయి. ఆమె భర్త మళ్లీ ఆఫీసు పని మీద దేశం బయట ఉన్నాడు. "అక్కను రమ్మను" అందట దవాఖానలో. కబురు అందిన పూటే, ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పకుండా నాలుగు చీరలు సంచిలో కుక్కుకొని షేర్ ఆటో ఎక్కాను. పెద్దమ్మ ఇంట్లో పదకొండు రోజులున్నాను. పెద్దమ్మ మొదటి రోజు నాతో మాట్లాడలేదు. రెండో రోజు మధ్యాహ్నం చెల్లెకు పుట్టిన పిల్లకు స్నానం పోసి వచ్చేసరికి నాకు అన్నం పెట్టి, పక్కనే తన కంచం కూడా పెట్టుకొని కూర్చుంది.