దీక్ష ఇంట్లో కోడికూర

మా పిల్లికి జబ్బు చేసినప్పుడు ముందు నవ్వింది మా వాడకట్టే. "పిల్లికి దవాఖానేందే!" అని ఒకరు, "దానికి గోలీలు గూడనా?" అని ఇంకొకరు. అలా నవ్వినవాళ్లలో చాలామంది, బర్రె ఒక పూట మేత ముట్టకపోతే తెల్లారకముందే పశువుల డాక్టర్ ఇంటి ముందు నిలబడేవాళ్లే. బర్రె పాలిస్తుంది కాబట్టి దానికి రోగం రావచ్చు, మందూ ఇప్పించవచ్చు. పిల్లి ఏమీ ఇవ్వదు కాబట్టి ఊరికే చచ్చిపోవాలి. ఈ న్యాయం నాకు అప్పుడు నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

మాది కరీంనగర్ వైపు ఒక చిన్న పట్నం. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో నాలుగు సాంచెలు. మరమగ్గాలను మా దగ్గర సాంచెలంటారు, నాన్నను బాపు అనీ అమ్మను అవ్వ అనీ అంటారు. బాపు బట్ట నేస్తాడు, నేను కండెలకు నూలు చుడతాను, అవ్వ ఇల్లు చూసుకుంటూ మా ఇద్దరి మీదా అరుస్తుంది. గంజి పట్టించిన నూలంటే ఎలుకలకు మహా ఇష్టం. వాటి బాధ పడలేక బాపు ఎక్కడినుంచో ఒక ఆడపిల్లిని తెచ్చాడు. బూడిద రంగు, ఒక చెవి చివర చిరిగి ఉండేది. సాంచెలు నడిచేటప్పుడు పక్కన నిలబడ్డ మనిషి మాట కూడా వినపడదు, అది మాత్రం నూలు మూటల మీద కాళ్లు చాపుకుని నిద్రపోయేది. ఎలుకల కోసం తెచ్చానని అందరికీ చెప్పేవాడు గానీ, పొద్దున లేవగానే బాపు మొదట వెతికేది దాన్నే.

నేను ఆదిలాబాద్ వైపు ఉన్న అత్తగారింటి నుంచి వచ్చేసి అప్పటికి ఏడేళ్లు. జర సర్దుకుపోవాల్సిందని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. పిల్లికి మందు వేయడం మొదలుపెట్టాక వాళ్లకు ఇంకో మాట దొరికింది. పిల్లలు లేరు గనక పిల్లి మీద పడ్డానట. నేను దాన్ని బిడ్డ అనుకోలేదు. పిల్లి అనే అనుకున్నాను. పిల్లికి మందు ఇప్పించడానికి అది పిల్లి అయితే చాలదా?

ఇక జరిగింది చెబుతాను. ఆ ఏడు బాపు కొండగట్టు ఆంజనేయస్వామి మాల వేసుకున్నాడు. నలభై ఒక్క రోజుల దీక్ష. కాషాయం బట్టలు, రెండు పూటలా చన్నీళ్ల స్నానం, నేల మీద పడక. ఇంట్లోకి నీసు రాకూడదు, గుడ్డు కూడా రాకూడదు. మాలలో ఉన్న మనిషిని పెళ్లామైనా బిడ్డైనా స్వామీ అనే పిలవాలి, ఆయన మమ్మల్ని మాతా అనాలి. నలభై ఏళ్లు కాపురం చేసిన మొగుడు "మాతా, జర మంచినీళ్లు" అని అడిగినప్పుడల్లా మా అవ్వ మొహం చూసి తీరాల్సిందే.

మూడో రోజు పిల్లి ఒక ఎలుకను పట్టుకొచ్చి సరిగ్గా దేవుని పీట ముందు పెట్టింది. మెప్పు కోసం తెచ్చి ఉంటుంది. బాపు అదిరిపోయాడు. అప్పుడే ఆయనకు ఆ ఆలోచన వచ్చింది.

"ఇంట్ల ఉన్న జీవమంత ఇంటి నియమంల ఉండాలె" అన్నాడు.

అంతే, పిల్లి కూడా దీక్షలోకి వచ్చింది. ఎలుకలు పట్టకుండా పక్క అర్రలో పెట్టి తలుపు వేశారు. పొద్దున పాలు, మధ్యాహ్నం పాలన్నం, సాయంత్రం పెరుగన్నం. భజనకు వచ్చిన స్వాములకు బాపు దాన్ని చూపించి గొప్పగా చెప్పుకునేవాడు. ఒక స్వామి దాని నుదుటి మీద సిందూరం కూడా పెట్టాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

పది రోజులు దాటేసరికి తిన్నదంతా కక్కడం మొదలైంది. ఆ తర్వాత విరేచనాలు. నిమిరితే వెన్నుపూస ఒక్కొక్కటీ వేలికి తగిలేది. దిష్టి తగిలిందని అవ్వ ఉప్పూ మిరపకాయలూ తిప్పేసింది. నీరసపడిందని బాపు ఇంకో గిన్నె పాలు పోశాడు. పదిహేనో రోజు నేను నూలు కోన్లు వచ్చే అట్టపెట్టెకు గాలి ఆడేలా బొక్కలు పెట్టి, దాన్ని అందులో కూర్చోబెట్టి మెట్‌పల్లి బస్సెక్కాను. అక్కడ పిల్లుల్ని కూడా చూసే డాక్టర్ ఒకాయన ఉన్నాడని విన్నాను.

ఆయన పొట్ట ఒత్తి చూశాడు, పళ్లు చూశాడు, ఏం పెడుతున్నారని అడిగాడు. చెప్పాను. నా వైపు అదోలా చూశాడు.

"పేగులు వాచి దొడ్డైనయమ్మా. ఇది ఇయ్యాల్టి రోగం కాదు, చానా దినాల సంది లోపల్నే ఉన్నది. పాలు దాన్ని ఇంకింత చెడగొట్టినయ్. పాలు బంద్. ఉప్పు, పసుపు ఏం వెయ్యకుండ కోడికూర ఉడకబెట్టి, జరంత జరంత దినానికి ఐదుసార్లు పెట్టుండ్రి. పొద్దుగాల ఇంత తిన్నంక పావు గోలీ."

"ఇంట్ల స్వామి ఉన్నడు సార్. నీసు వండరాదు."

"అయితే రోగాన్ని ఆగుమను, దీక్ష అయిపోయేదాంక" అన్నాడాయన. తర్వాత గొంతు తగ్గించి, "పిల్లి రెండు మూడు దినాలు ఏం తినకుంటె కార్జం చెడిపోతది. గప్పుడు నేను గూడ ఏం చెయ్యలేను" అన్నాడు.

ఇంటికొచ్చాక ముందు గోలీ సంగతి తేల్చుకుందామనుకున్నాను. తప్పు అక్కడే చేశాను. మా ఇళ్లలో పసిపిల్లలకు మందు పోసే పద్ధతి ఒకటుంది. అవ్వ కాళ్లు చాపుకుని కూర్చుంటుంది, పిల్లను ఆ కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెడుతుంది, ముక్కు మూసి ఉగ్గుగిన్నెతో గొంతులో పోస్తుంది. మా ఇంట్లో అందరం ఆ కాళ్ల మీదే మందులు మింగాం. నాకు తెలిసిన పద్ధతి అదే. గోలీని నూరి నీళ్లలో కలిపాను, పిల్లిని తువ్వాలలో చుట్టి కాళ్ల మీద వెల్లకిలా వేసుకుని, నోట్లో పోసేశాను.

నోటినిండా నురగ. ఊపిరాడనట్టు దగ్గింది. నా ముంజేతిని మోచేతి దాకా చీరేసి, సాంచె కిందికి దూరింది. మర్నాడు నా అడుగుల చప్పుడుకే లోపలికి ముడుచుకుపోయింది. డాక్టర్‌కు ఫోన్ చేస్తే గట్టిగానే తిట్టాడు. వెల్లకిలా వేసి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందట. గోలీ నూరకూడదట, ఆ చేదు అది మరిచిపోదట. ఖాళీ క్యాప్సూల్‌లో పెట్టి, పిల్లిని కూర్చోబెట్టి, నాలుక వెనకభాగాన వేసి, సూది లేని సిరంజితో దవడ పక్కనుంచి రెండు చుక్కల నీళ్లు ఇవ్వాలట. తిండిలో కలిపితే ఆ తిండిని కూడా ముట్టడం మానేస్తుందట. ఇవన్నీ ముందురోజే అడిగి ఉండాల్సింది. మందు వేయడం కూడా నాకు రాదా అన్న గర్వంతో అడగలేదు.

తర్వాత షెడ్డు వెనక మూడు ఇటుకలు పెట్టాను. ఖాళీ అట్ట కోన్లు మాకు కొదువ లేదు, అవి బాగా మండుతాయి. చిన్న గిన్నెలో కోడి ముక్కలు ఉడుకుతుంటే అవ్వ వాసన పట్టి పరుగెత్తుకొచ్చింది.

"నీకేమన్న బుద్ధున్నదా? స్వామి ఉన్న ఇంట్ల నీసు ఉడకబెడుతవా? ఇంటికి అరిష్టం గాదా!"

ఆ లొల్లికి బాపు సాంచె ఆపి బయటికొచ్చాడు. కాషాయం పంచె, మెడలో మాల, నుదుట సిందూరం. గిన్నె వైపు చూశాడు.

"మాతా, ఇది తప్పు" అన్నాడు.

"స్వామీ" అన్నాను నేను, "మాల నీ మెడల ఉన్నది. పిల్లి మెడల లేదు. అది మొక్కుకోలే, అది ఒప్పుకోలే. నువ్వు దాన్ని అర్రల పెట్టి తలుపేసినవ్. ఇది తప్పైతే నన్ను గూడ ఇంట్లకెల్లి వెళ్లగొట్టు, నేను రోడ్డు మీద వండుత."

బాపు లోపలికి వెళ్లిపోయాడు. అవ్వ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను మంట ఆర్పలేదు.

ముక్కలు గోరువెచ్చగా ఉండగానే దారాల్లా చీల్చి, సాంచె కిందికి గిన్నె జరిపాను. వాసనకు పిల్లి ముక్కు కదిలింది. అడుగు ముందుకు వేసింది కూడా. అంతలో నన్ను చూసింది. వెనక్కి పోయి గోడకు అతుక్కుంది. దూరంగా జరిగితే గిన్నెను మాత్రమే చూస్తుందేమోనని జరిగాను. గిన్నెకు నా చేతి వాసన ఉంది కాబోలు, దాన్నీ ముట్టలేదు. అది ఏమైనా తిని అప్పటికి రెండో రోజు. అవ్వను బతిమిలాడాను.

"దేవునికి దీపం పెట్టే చేతులివి. నేను ముట్ట బిడ్డా, నన్ను అడుగకు" అంది.

అప్పుడు భయమేసింది. ఊరందరి మీదా, ఇంట్లోవాళ్ల మీదా గెలిచి కూర వండాను, తీరా చూస్తే పిల్లి భయపడుతున్నది నన్ను చూసే. అది చస్తే చంపింది నేనే అవుతాను. సాంచె పక్కన కూర్చుని, అవ్వకు కనపడకుండా ఏడ్చాను.

బాపు ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో చూడలేదు.

"గిన్నె ఇటియ్యి బిడ్డా" అన్నాడు.

మాతా అనలేదు. పదహారు రోజుల తర్వాత నన్ను బిడ్డా అన్నాడు. నేను గిన్నె ఇవ్వకుండా ఆయన మొహం చూస్తూ ఉంటే, ఆయనే వంగి తీసుకున్నాడు. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, కోడి పీచు ఒకటి రెండు వేళ్లతో పట్టి సాంచె కిందికి చెయ్యి చాపాడు. "రా, రావే" అన్నాడు. పిల్లి ఆ వేళ్లను వాసన చూసింది. ఆ చేతిని అది ఎరుగును. కాసేపు అలాగే నిలబడి, పీచు అందుకుంది. ఇంకొకటి. ఇంకొకటి. దర్వాజలో నిలబడ్డ అవ్వ "స్వామీ!" అని మాత్రం అనగలిగింది.

ఆ రోజు నుంచి మా పని ఇలా సాగింది. బాపు ముందు నాలుగు పీచులు తినిపిస్తాడు. తన కాషాయం కండువాలోనే దాన్ని చుట్టి, ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుంటాడు. నేను వెనకనుంచి వచ్చి క్యాప్సూల్ వేస్తాను, రెండు చుక్కలు నీళ్లు ఇస్తాను. అది నన్ను తిట్టుకునేలోపే మళ్లీ బాపు చేతిలోంచి కోడి. మొదట్లో ముట్టుకున్న ప్రతిసారీ ఆయన వెళ్లి చన్నీళ్లు పోసుకునేవాడు. నాలుగు రోజులకు జలుబు చేసి, చేతులు కడుక్కోవడంతో సరిపెట్టాడు. వారానికి కక్కడం ఆగింది. నెల తిరగకముందే, నా చేతిని కూడా వాసన చూసి, నేను పెట్టింది తినడం మొదలుపెట్టింది. రోగం పూర్తిగా పోలేదు, ఇక పోదని డాక్టర్ చెప్పాడు. ఇప్పటికీ పావు గోలీ మింగుతూనే ఉంది, మింగిన ప్రతిసారీ నన్ను ఒక చూపు చూస్తూనే ఉంది.

కోడి వాసన గోడ దాటకుండా ఉంటుందా? వాడకట్టుకు తెలిసింది. స్వాములు మా ఇంటికి భజనకు రావడం మానేశారు. మాల తీసేసి మళ్లీ మొదటి నుంచి దీక్ష పట్టాలని, వాళ్లలో పెద్దాయన కబురు పంపాడు. నేను ఆయన ఇంటి మీదికి పోతానంటే బాపు చెయ్యి పట్టి ఆపాడు.

నలభై ఒకటో రోజు కొండగట్టు పోయి మాల తీయాలి. అవ్వ కూడా వస్తుందనుకున్నాం. ఆమె కదలలేదు. "మీరిద్దరు పోతె దాని నోట్ల గోలీ ఎవలేస్తరు?" అని గదిమి, నన్ను వెనక కూర్చోబెట్టుకుని క్యాప్సూల్ వేయడం ముందురోజే నేర్చుకుంది.

కొండ కింద మా వాడకట్టు స్వాములంతా ఉన్నారు. మమ్మల్ని చూసి మాటలు ఆపేశారు. పెద్దాయన అందరి ముందూ అడిగాడు.

"స్వామీ, నియమం తప్పినవంటగదా?"

"తప్పిన స్వామీ" అన్నాడు బాపు. "దినాం ఐదుసార్లు తప్పిన."

"మరి ఏ మొఖం పెట్టుకోని కొండెక్కుతున్నవ్?"

మా బాపు గట్టిగా మాట్లాడే మనిషి కాదు. జీవితమంతా సాంచెల చప్పుడులో బతికి, ఏదైనా చేసైగతోనే చెప్పేవాడు. ఆ రోజు మాత్రం చుట్టూ ఉన్న వాళ్లందరికీ వినపడేలా అన్నాడు.

"ఇగో, గిదే మొఖం. స్వామిని చూస్త, మాల తీస్త. మాపటికల్ల ఇంటికి వోయి మల్ల గదే తప్పు చేస్త."

ముడుపు నెత్తిన పెట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాడు. నేను ఆయన వెనకే నడిచాను.