చెయ్యి ఎత్తుతూ ఊపిరి వదలాలి

మా గోడ పక్కింటి డ్రిల్లు గురూజీ మొన్న సోమవారం పోయారు. అప్పటినుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. "జర కూసో అమ్మమ్మా" అంటుంది మనవరాలు. కూర్చుంటే ఆయన్ని అన్న మాటలన్నీ గుర్తొచ్చి మళ్లీ లేస్తున్నాను.

ఇద్దరం నాందేడ్‌లో ఒకే బడిలో పనిచేశాం. అక్కడ మాస్టార్లు గురూజీలు, పంతులమ్మలు బాయిలు. నేను లెక్కలు చెప్పేదాన్ని. ఆయన ముప్పై ఏళ్లు పిల్లల చేతులు పైకి లేపించి, రొమ్ము నిండా గాలి పీల్చి బిగపట్టమన్నారు. రిటైరయ్యాక దమ్ము జబ్బు పట్టింది. చెయ్యి భుజం దాటితే ఆయాసం. నెత్తిన చెంబెడు నీళ్లు పోసుకోలేరు. డ్యూటీకి పోయే తొందరలో కొడుకే పోసేవాడు.

"మా నాయినకు నేనే పోసిన బాయీ," అన్నారొకసారి. "పోస్తుంటే ఆయన మొకం జూసిన. గా మొకం నాకద్దు."

దవాఖానాలో డాక్టరు ఉపాయం చెప్పాడు. ముందు ముక్కుతో పీల్చుకోవాలి. తర్వాత పెదాలు సున్నాలా చేసి, వేడి చాయ్ ఊదినట్టు మెల్లగా వదులుతూ చెయ్యి ఎత్తాలి. ఉపాయం సులువే, గురూజీయే కష్టం. చెయ్యి లేస్తే చాలు, పాత అలవాటుకు ఊపిరి బిగుసుకునేది. రోజూ పొద్దున వాళ్ల వాకిట్లో కుర్చీ వేసుకుని ఖాళీ చెంబు ఎత్తించేదాన్ని.

"మల్ల బిగవట్టిన్రు. ఈడ పరేడ్ లేదు, జెండా లేదు. ఇడువుండ్రి."

"గీ వయసుల ఊపిరి తీసుడు నేర్పుతున్నరా బాయీ?"

"తీసుడు మీకొస్తది. ఇడుసుడే రాదు."

నవ్వేవారు. నవ్వితే దగ్గు, దగ్గితే పది నిమిషాలు కూర్చోవడం. అది తెలిసీ ఏదో ఒకటి అనేదాన్ని.

రెండు నెలలకు ఒక ఆదివారం స్నానాల గది తలుపు వేసుకున్నారు. బయట కొడుకు, నేను. ఒక చెంబు పడింది. ఆ తర్వాత చాలాసేపు చప్పుడు లేదు. కొడుకు తలుపు కొట్టబోతే చెయ్యి పట్టుకున్నాను. రెండో చెంబు పడింది.

బయటికొచ్చాక చూస్తే చెవి వెనక సబ్బు నురుగు అలాగే ఉంది.

"ఏమన్న అంటరా బాయీ?"

"ఏమంట? ఏం లేదు."

ఆపైన చివరిదాకా ఆ చెంబు ఎవరినీ ముట్టనివ్వలేదు. సోమవారం ఆఖరి స్నానానికి వాకిట్లో పీట మీద కూర్చోబెట్టి కొడుకు పోశాడు. నేను చూడకుండా ఇంట్లోకి వచ్చేశాను. ఆ నీళ్లు గోడ కింది తూములోంచి మా వాకిట్లోకి వచ్చి, తులసి గద్దె చుట్టూ తిరిగి, చెప్పుల దగ్గర ఆగాయి.