కొండపనాయుడి ముక్కు

ఆంధ్ర రాష్ట్రం మద్రాసు నుంచి విడిపోయిన మరుసటి వేసవిలో నన్ను ఆత్మకూరుకు డెప్యుటేషను మీద పంపారు. అప్పటికి నేను ఉదయగిరి బోర్డు హైస్కూల్లో డ్రాయింగు మాస్టరుని. ఆ రోజుల్లో డ్రాయింగు మాస్టరు హోదా డ్రిల్లు మాస్టరుకు ఒక మెట్టు కింద, గంట కొట్టే ప్యూనుకు అర మెట్టు పైన ఉండేది. మద్రాసులో శిల్పం నేర్చుకుని వచ్చిన నా చేత ఉదయగిరిలో చేయించిన శిల్పకళ, జామకాయ బొమ్మకు నీడ ఎటు పడుతుందో చెప్పించడం. అందువల్ల ‘విగ్రహ నిర్మాణ నిమిత్తం’ అన్న మాట ఆర్డరులో చూసి పొంగిపోయాను. వేసవి సెలవులు నాకు వర్తించవని చివరి వాక్యంలో ఉంది. పొంగు మీదున్నాను గనక అది తరవాత చదివాను.

ఆత్మకూరు బడికి స్థలం ఇచ్చిన కొండపనాయుడు గారు అంతకు ముందు ఏడాది పోయారు. ఆయన విగ్రహం బడి ముందు నిలపాలని ఒక కమిటీ వేశారు. అధ్యక్షుడు ఆయన తమ్ముడి కొడుకు పెంచలనాయుడు. జిల్లా బోర్డులో ఆయన మాటకు తిరుగులేదు. ఎన్నికలు దగ్గరలోనే ఉన్నాయన్న వదంతికీ పెదనాయన మీద ఆయనకు హఠాత్తుగా పుట్టిన భక్తికీ సంబంధం లేదని ఆయనే చెప్పేవారు, ఎవరూ అడక్కపోయినా.

మొదటి సమావేశంలో శిల్పం రకాలు వివరించమన్నారు. చుట్టూ తిరిగి అన్ని వైపుల నుంచీ చూడగలిగేది పూర్ణశిల్పమనీ, పలక మీద ఉబ్బెత్తుగా తేలేది అర్ధశిల్పమనీ, తల నుంచి ఛాతీ దాకా చేసేది బస్టనీ చెప్పాను. మూడూ కలిపి ఒకటే చెయ్యడానికి కుదరదా అని ఒక సభ్యుడు అడిగాడు. పాలరాయి, కంచు, నల్లరాయి, సిమెంటు అని పదార్థాలు వరసగా చెబితే, పాలరాయిలా కనిపించాలి, కంచులా మన్నాలి, సిమెంటులా చవగ్గా ఉండాలి అని తీర్మానించి, సిమెంటు బస్టు దగ్గర ఆగారు. నాకు బడి వెనకున్న రేకుల షెడ్డు ఇచ్చారు. మే నెలలో ఆత్మకూరులో రేకుల షెడ్డు అంటే, శిల్పం కాల్చడానికి వేరే బట్టీ అక్కర్లేదు.

అసలు చిక్కు ముఖం. కొండపనాయుడు గారు జీవితంలో ఒకే ఒక ఫొటోలో ఉన్నారు. కలెక్టరు వచ్చినప్పుడు తీసిన గుంపు ఫొటో అది. అందులో కలెక్టరుగారి కుక్క ముఖం స్పష్టంగా ఉంది. నాయుడుగారిది మిరియపు గింజంత.

“ఫొటో ఎందుకు మాస్టారూ, నేనుండానుగదా!” అన్నారు పెంచలనాయుడు. “మా పెదనాయన పోలికలు అచ్చం నాకే వచ్చినాయని ఊరంతా అంటారు.”

ఊరంతా అవునంది. పక్కన నిలబడిన హెడ్మాస్టరు ఊరికంటే ముందే అన్నారు.

పని మొదలుపెట్టాను. మట్టి బొమ్మకు లోపల ఎముకలుండాలి. దాన్ని ఆర్మేచరు అంటాం. చెక్క పీట మీద ఇనప కడ్డీ నిలబెట్టి, తలకాయ ఆకారంలో తీగ చుట్టి, చిన్న చెక్క ముక్కలను సిలువల్లా కట్టి లోపల వేలాడదీస్తాం. తడిమట్టి బరువుకు జారిపోకుండా వాటిని పట్టుకుని నిలుస్తుంది. చెరువు మట్టి నానబెట్టి, రాళ్ళు ఏరి, తొక్కి మెత్తన చేసి పెట్టాలి. ముందు పెద్ద ముద్దలు: పుర్రె, దవడ, మెడ. కళ్ళూ పెదవులూ చివర. చూసేవాళ్ళు మాత్రం మొదటి రోజే కనుబొమలు వచ్చాయా అని అడుగుతారు. మట్టి ఎండితే పగులుతుంది గనక తడి గోతాలు కప్పి, వాటి మీద నీళ్ళు చల్లుతూ ఉండాలి. బావి దగ్గర బిందెల వరసలో నిలబడిన ఆడవాళ్ళు నన్ను చూసి, “మనుషులకే తాగను నీళ్ళు లేవు, ఈయన బొమ్మకి తలంటి పోస్తుండాడు” అనేవారు. దానికి నా దగ్గర సాంకేతికమైన జవాబు ఉంది కానీ ఇవ్వలేదు.

పెంచలనాయుడు ఫలహారం చేసి వచ్చి కుర్చీలో కూర్చునేవారు. కూర్చున్నంతసేపూ సవరణలు. గడ్డం కింద ఆ మడత మా పెదనాయనకు లేదనేవారు. మడత తనకుంది. చూపు దూరంగా ఉండాలనేవారు. అది అసెంబ్లీ దాకా వెళ్ళాలని నాకు అర్థమైంది. ముక్కు మాత్రం తీరుగా, సూటిగా ఉండాలని రోజూ చెప్పేవారు. చెప్పి ఊరుకోక బొటనవేలితో తానే నొక్కి చూపేవారు. మట్టిలో ఉన్న సుగుణం, అది అందరి మాటా వింటుంది. బొమ్మ దాదాపు పూర్తయ్యేసరికి పార్టీ టిక్కెట్టు పని మీద ఆయన కర్నూలు వెళ్ళారు. అప్పుడు మనకు రాజధాని అదే.

ఆయన వెళ్ళాక అనంతసాగరం దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దావిడ బండి కట్టించుకుని వచ్చింది. కొండపనాయుడు గారి భార్య నాగమ్మ. ఆవిడను కమిటీ ఏమీ అడగలేదు. విగ్రహం సంగతి వాళ్ళూ వీళ్ళూ అనుకుంటుంటే విని వచ్చింది. గోతం తీసి చూపించాను. కాసేపు చూసింది.

“ఇదెవురు?”

“కొండపనాయుడుగారేనమ్మా.”

“మా పెంచలయ్యగదా ఇది! వాడింకా బతికే ఉండాడే, అప్పుడే బొమ్మెందుకు?”

పోలికలు ఒకటేనని విన్నానని నసిగాను. ఆవిడ పీట లాక్కుని కూర్చుంది. “పోలికలు సరే. మా ఆయనకి ముక్కు వంకర అయ్యవారూ. పుట్టువంకర కాదు, కొడితే వచ్చింది.”

ఆవిడ చెప్పింది ఇది. బడికి చేను రాసిచ్చేటప్పుడు, ఊరికి ఎడంగా ఉన్న మాల మాదిగ పల్లెల్లోని క్రైస్తవుల పిల్లలూ అదే బడిలో, అదే గదిలో కూర్చోవాలని కొండపనాయుడు గారు పట్టుబట్టారు. తమ్ముడు, అంటే పెంచలనాయుడి తండ్రి, ఒప్పుకోలేదు.

“మన చేలో వాళ్ళని కూర్చోబెడతావా అని కావడిబద్ద తీసి కొట్టినాడు మా మరిది. ముక్కు పగిలి చొక్కా అంతా నెత్తురు. ఆ చొక్కాతోనే పోయి చేను రాసిచ్చి వచ్చినాడు ఈయన. బడి తెరిచినాక కూడా రోజూ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు, ఏ పిల్లకాయని ఎవురు ఎనక్కి పంపుతారో చూద్దామని. ఆ ముక్కు లేకుండా మీరు ఆయన్ని ఎట్ల నిలబెడతారు?”

నా చదువులో ముక్కు గురించి చాలా నేర్పారు. మూలంలో ఎముక, చివర మెత్తటి మృదులాస్థి, నొసటి నుంచి చివర దాకా కొలతలు. ఇది నేర్పలేదు.

ఆవిడ ఎదుటే ముక్కు మార్చడం మొదలుపెట్టాను. ఎముక పగిలిన చోట గూని వచ్చి, కిందికి ఎడమ వైపు జారాలి. కొంచెం వంచి చూపించాను.

“ఇంకా. నువ్వు మర్యాదకి వంచుతుండావు. బద్ద దెబ్బకి మర్యాద ఉంటదా?”

ఇంకా వంచాను. ముక్కు ఒరిగేసరికి దవడ, చూపు తమంతట తామే మారినట్టు అనిపించాయి. నిజానికి ఒక్క ముక్కు మారితే మిగతా ముఖం లెక్కంతా తిరగవెయ్యాలి, సాయంత్రం దాకా అదే పని. ఆవిడ కదలకుండా కూర్చుంది. చివరికి లేచి దగ్గరకు వచ్చి, కొంగు సర్దుకుని, “ఇప్పుడు ఈయన” అంది. కాస్త ఆగి, “వాడొచ్చి మళ్ళా సరిచెయ్యమంటే?” అని అడిగింది.

మట్టిగా ఉన్నంతకాలం సరిచెయ్యక తప్పదని చెప్పాను. దాని మీద ప్లాస్టరు పోశాక ఇక ఎవరి వేలూ దిగదు.

“అయితే పొయ్యి” అంది.

హెడ్మాస్టరు నన్ను పక్కకు పిలిచి, అధ్యక్షులవారు వచ్చేదాకా ఆగమన్నారు. ఆయనకు ఇంకా పెళ్ళికాని కూతుళ్ళూ, బోర్డు వారి కోపమంటే భయమూ ఉన్నాయి. నాకూ భయం ఉంది. పోస్టు పర్మనెంటు కాలేదు, ఉదయగిరిలో మా అమ్మా భార్యా నా జీతం మీదే ఉన్నారు. కానీ ఆవిడ ముందు వంచిన ముక్కును ఆవిడ వెళ్ళాక నిటారు చెయ్యడానికి చేతులు రావని తోచింది. మర్నాడు ప్లాస్టరు కలిపాను.

ఈ పద్ధతిని వేస్టు మౌల్డు అంటాం. అచ్చు ఒక్కసారికే పనికొస్తుంది. మొదటి పూతలో బట్టలకు వేసే నీలిమందు కలుపుతాం, దాని మీద మందంగా తెల్ల పూత. ముందూ వెనకా రెండు ముక్కలుగా అచ్చు విప్పి, లోపలి మట్టి తవ్వి పారేసి, సబ్బు నీళ్ళూ నూనే రాసి, ముక్కలు కలిపి సిమెంటు నింపుతాం. సిమెంటు గట్టిపడ్డాక పై అచ్చును ఉలితో పగలగొట్టాలి. తెల్ల ప్లాస్టరును ధైర్యంగా కొట్టవచ్చు. నీలం కనబడిందంటే ముఖం దగ్గర్లో ఉందని అర్థం, అక్కణ్ణుంచి చెయ్యి నెమ్మదించాలి. అప్పటిదాకా లోపల ఎవరున్నదీ బయటికి తెలియదు.

కర్నూలు నుంచి పెంచలనాయుడు వచ్చేసరికి షెడ్డులో, లోపల సిమెంటు బిగిసిన తెల్లటి ముద్ద ఉంది. టిక్కెట్టు దాదాపు ఖాయమన్న సంతోషంలో ఉన్నారాయన. ముక్కు సంగతి నేనే చెప్పాను. నాగమ్మగారు వచ్చారని, ముక్కు ఆవిడ చెప్పినట్టు మార్చానని. ఆయన ముఖంలో రంగు తగ్గింది.

“ఆ ముసలామె చెప్పిన కతలన్నీ నమ్మినావా? ముక్కు ఎట్లుంటే ఏమి నీకు? తియ్యి దాన్ని, చెక్కెయ్యి!”

చెక్కితే ముక్కు లేని విగ్రహమవుతుందనీ, అటువంటివి ఉదయగిరి కొండ మీద పాడుబడ్డ గుళ్ళలో కావలసినన్ని ఉన్నాయనీ, అదనంగా ఇంకొకటి అవసరమైతే చేస్తాననీ వినయంగా మనవి చేసుకున్నాను. పైన సిమెంటు అతికి నిటారు చేస్తే మొదటి వానకు ఊడుతుందని కూడా చెప్పాను. మళ్ళీ మొదటినుంచీ చెయ్యడానికి వ్యవధి లేదు. ఆవిష్కరణకు ఒక మంత్రిగారు ఒప్పుకున్నారు, ఆయన టూరు ప్రోగ్రాము అచ్చయిపోయింది. ఈ దేశంలో సిమెంటు కంటే గట్టిది టూరు ప్రోగ్రాము. పెంచలనాయుడు, “నీ సంగతి తరవాత చూస్తా” అని వెళ్ళిపోయారు.

ఆవిష్కరణకు జనం బాగా వచ్చారు. మంత్రిగారు తాడు లాగారు. తెర పడగానే, పల్లెల నుంచి వచ్చి చివరి వరసల్లో నిలబడ్డ పెద్దవాళ్ళలో ఒక కదలిక. “నాయుడేరా! నాయుడే!” అన్నారెవరో. ఆ బడిలో మొదట చదివిన వాళ్ళలో ఒకాయన, అప్పటికి మిషను బడిలో టీచరు, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డారు.

పెంచలనాయుడు రాజకీయం తెలిసిన మనిషి. జనం నాడి చిటికెలో పట్టేశారు. మైకు ముందుకు వచ్చి, విగ్రహం ముక్కు చూపిస్తూ, ఈ గాయం బడికోసం మా కుటుంబం తిన్న దెబ్బ అన్నారు. బీద పిల్లల చదువు కోసం మా ఇంట్లో నెత్తురు పారింది అన్నారు. చప్పట్లు మోగాయి. కావడిబద్ద కూడా త్యాగం కింద జమ అవుతుందని నేను అప్పుడే తెలుసుకున్నాను.

ముందు వరసలో నాగమ్మగారు కూర్చుని ఉన్నారు. చప్పట్లు తగ్గాక, కూర్చున్న చోటి నుంచే అన్నారు.

“బాగా చెప్పినావు పెంచలయ్యా. ఎవురు కొట్టినారో అది గూడా చెప్పు నాయనా.”

ఆవిడకు మైకు లేదు. అయినా చివరి వరస దాకా వినిపించింది. మంత్రిగారు చేతి గడియారం చూసుకున్నారు. హెడ్మాస్టరు నేల చూశారు. పెంచలనాయుడు విగ్రహం వైపు తిరిగారు. అంతసేపు ఆ ముఖాన్ని ఆయన ఎప్పుడూ చూసి ఉండరు. తిరిగి వచ్చి మైకును కాస్త పక్కకు జరిపి, మామూలు గొంతుతో అన్నారు.

“మా నాయనే కొట్టినాడు పెద్దమ్మా. నేను ఆడనే ఉండాను.”

ఉపన్యాసం పూర్తి చెయ్యకుండా వెళ్ళి కూర్చున్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాగమ్మగారు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

ఎన్నికల్లో ఆయన గెలిచారు. ఆ మాట అన్నందుకు గెలిచారని కొందరు, అన్నా గెలిచారని కొందరు. నన్ను మాత్రం ‘పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా’ కలువాయి బదిలీ చేశారు. నేను లేకపోతే పరిపాలన అంత సౌలభ్యంగా ఉంటుందని అంతవరకూ నాకు తెలియదు.

తరవాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ చాలా ముఖాలు చేశాను. శిల్పం నేర్చుకునే పిల్లలు కొలతలు ఎలా తియ్యాలని అడుగుతారు. కాలిపర్సు పెట్టి కొలవడం ఒక పూటలో వస్తుంది. పోయిన మనిషి ముఖం చెయ్యాల్సి వస్తే, ఆ ముఖం ఎలా ఉండేదని కాకుండా, ఆ ముఖానికి ఏం జరిగిందని ముందు ఇంట్లోవాళ్ళను అడగాలి. కమిటీని ఆఖరున అడగవచ్చు.